142 నానోసెకన్లు: గ్యాస్‌లో పాజిట్రోనియం ఎంతసేపు ఉంటది?



మన గ్రూపుల ఎక్కువగా నోటిఫికేషన్లు, స్కాలర్‌షిప్ రెన్యువల్, హాస్టల్ సమస్యలు, పోడు పట్టాల ముచ్చట్లు వస్తయి. అవి రావాలె. ఈసారి మేము ఫిజిక్స్ పెడుతున్నం. పోస్టు పొడుగున్నది, టైం ఉన్నప్పుడు చదవండి. మేము అంటే జనగామల హాస్టల్‌ల ఉండి బీఎస్సీ చదివే ఒక రూం పిల్లలం. పాలకుర్తి చుట్టుపక్కల తండాల నుంచి వచ్చినోళ్లం. మా ఇండ్లల్ల కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. పాలకుర్తి అంటే అందరికీ సోమనాథుడు, పక్కనే బమ్మెర పోతన, భూమి కోసం కొట్లాడిన చాకలి ఐలమ్మ గుర్తుకొస్తరు. మా మండలం పేరు మీద ఒక ఫిజిక్స్ ముచ్చట కూడా ఉండాలని మా ఆశ.

ఎందుకు రాస్తున్నం అంటే రెండు కారణాలు. ఒకటి, పోయిన ఏడాది మా రూంమేట్ వాళ్ల బాపును హైదరాబాద్‌ల ఒక దవాఖానకు తీసుకపోతే పెట్ స్కాన్ రాసిన్రు. సూది ఇచ్చి గంటసేపు వేరే రూంల ఒక్కన్నే కూసోబెట్టిన్రు. ఇంటికి పోయినంక ఆ రోజు చిన్నపిల్లలను దగ్గరికి తీయొద్దన్నరు. ఎందుకో ఎవ్వరు చెప్పలే. బాపు అడిగితే చెప్పాల్సింది డిగ్రీ చదివే కొడుకే గదా. ఆ రాత్రి నుంచి మేము పాజిట్రాన్ గురించి చదువుడు మొదలుపెట్టినం. రెండో కారణం, ఈసారి ఫస్ట్ సెమ్ రిజల్ట్ చూసి టీసీ తీసుకుంటం అంటున్న తమ్ముళ్లు. వాళ్ల సంగతి చివర్ల చెప్తం.

ముందు భయం పోవాలె. పాజిట్రాన్ అంటే ఎలక్ట్రాన్‌కు జంట లాంటిది. అదే ద్రవ్యరాశి, కాని ఆవేశం పాజిటివ్. 1932లో కార్ల్ ఆండర్సన్ అనే అమెరికా సైంటిస్టు ఆకాశం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలల్ల దీన్ని చూసిండు. ఇది ఎక్కడో అమెరికాలనే ఉండేది కాదు. మనం తినే తిండిల పొటాషియం ఉంటది, అందుల చాలా కొద్ది భాగం పొటాషియం-40. అది రేడియోధార్మికం. అది విచ్ఛిన్నమైనప్పుడు దాదాపు లక్షల ఒక్కసారి పాజిట్రాన్ వస్తది. 80 కిలోల మనిషి ఒంట్ల గంటకు సుమారు 180 పాజిట్రాన్లు పుడ్తయని లెక్క. మా హాస్టల్ పిల్లలు 50 కిలోలు దాటుడే కష్టం, మాకు ఇంకా తక్కువ పుడ్తయి. పొలంల కలుపు తీసే మా యాడి ఒంట్ల కూడా పుడ్తయి, సెక్రటేరియట్‌ల ఆఫీసర్ ఒంట్ల కూడా పుడ్తయి. మన ఒళ్లు వేల ఏండ్ల నుంచి దీన్ని మోస్తనే ఉన్నది.

పుట్టిన పాజిట్రాన్ ఎక్కువసేపు ఉండదు. చుట్టూ అంతా ఎలక్ట్రాన్లే. ఒక ఎలక్ట్రాన్ దొరికితే రెండూ మాయమై గామా కిరణాలైపోతయి. దీన్నే అనిహిలేషన్ అంటరు. అయితే కొన్నిసార్లు మాయమయ్యేకంటె ముందు రెండూ జత కడ్తయి. హైడ్రోజన్ పరమాణువుల ప్రోటాన్ చుట్టూ ఎలక్ట్రాన్ ఉంటది గదా, ఇక్కడ ప్రోటాన్ జాగాల పాజిట్రాన్ ఉంటది. ఈ జతనే పాజిట్రోనియం. హైడ్రోజన్ బంధన శక్తి 13.6 ఎలక్ట్రాన్ వోల్టులని ఇంటర్‌ల బట్టీ కొట్టినం. దీనిది అందుల సగం, 6.8. ఎందుకు సగమో బోర్ ఫార్ములాల తగ్గించిన ద్రవ్యరాశి పెట్టి చూస్తే వస్తది, చేసి చూడండి.

ఈ జతల రెండు రకాలు. రెండింటి స్పిన్‌లు ఎదురెదురుగ ఉంటే పారా, ఒకే దిక్కు ఉంటే ఆర్థో. నాలుగింట ఒకటి పారా, మూడు ఆర్థో అయితయి. శూన్యంల పారా సగటు ఆయుష్షు 0.125 నానోసెకన్లు. రెండు గామా కిరణాలై పోతది, ఒక్కోటి 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. ఆర్థో రెండు గామాలుగ పోలేదు, దానికి రూల్ అడ్డం వస్తది. మూడు గామాలు కావాలె, అది అంత తొందరగ జరగదు. అందుకే దాని ఆయుష్షు 142 నానోసెకన్లు. అంత కాలంల వెలుతురు 42 మీటర్లు పోతది, మా హాస్టల్ గేటు నుంచి మెస్ దాకా అనుకోండి. పారా ఆయుష్షుల వెలుతురు పోయేది నాలుగు సెంటీమీటర్లు కూడా కాదు.

ఇంత చిన్న టైం ఎట్ల కొలుస్తరు అని మాకు పెద్ద డౌటు ఉండె. సోడియం-22 అనే పదార్థం పాజిట్రాన్‌ను విడిచిపెట్టిన వెంటనే 1275 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామాను కూడా విడుస్తది. అది పుట్టుక ఈల. ఆనంక జత మాయమైనప్పుడు వచ్చే గామా ఆఖరి ఈల. కబడ్డీల కూత మొదలైన ఈల నుంచి ఆగిన ఈల దాకా వాచీ పట్టినట్టే. లక్షల సార్లు కొలిచి గ్రాఫు గీస్తరు. 1951లో ఎంఐటీల మార్టిన్ డాయిచ్ గ్యాస్‌లల్ల ఇట్లనే కొలిచి పాజిట్రోనియం నిజంగ ఉన్నదని చూపించిండు. ఆయన చేసిన ఒక పని మాకు చాలా నచ్చింది. గ్యాస్‌ల కొంచెం నైట్రిక్ ఆక్సైడ్ కలిపిండు. ఆలస్యంగ వచ్చే గామాలు తగ్గిపోయినయి. నైట్రిక్ ఆక్సైడ్‌ల జత లేని ఎలక్ట్రాన్ ఒకటి ఉంటది. అది ఆర్థోను తాకి పారాగ మారుస్తది, పారా వెంటనే పోతది. ఆక్సిజన్ కూడా ఇసొంటి పనే చేస్తది.

ఇగ అసలు సంగతి, సాంద్రత. శూన్యంల ఆర్థోకు అడ్డం వచ్చేటోళ్లు లేరు. గ్యాస్‌ల ఉంటరు. మేడారం పోయినోళ్లకు తెలుసు. మామూలు రోజుల గద్దెల దగ్గర తమ్ముని చెయ్యి పట్టుకొని ఎంతసేపైనా తిరగొచ్చు. జాతర రోజుల్ల అడుగడుగుకు ఎవరో ఒకరు తగులుతరు, చెయ్యి విడిపోతది. ఆర్థో జతల ఉన్న పాజిట్రాన్ తన ఎలక్ట్రాన్‌తోని కాకుండ, దారిల తగిలిన గ్యాస్ పరమాణువుల ఎలక్ట్రాన్‌తోని మాయమైపోతది. దీన్ని పిక్-ఆఫ్ అంటరు. స్పిన్ ఎదురుగ ఉన్న ఎలక్ట్రాన్ దొరుకుతది కాబట్టి అప్పుడు రెండే గామాలు వస్తయి. మంది ఎంత ఎక్కువుంటే ఇది అంత ఎక్కువ. లెక్క చాలా సింపుల్:

మొత్తం రేటు = శూన్యంల రేటు + (ఆ గ్యాస్ స్థిరాంకం × సాంద్రత)

శూన్యంల ఆర్థో రేటు మైక్రోసెకనుకు 7.04. దాన్ని తిరగేస్తే 142 నానోసెకన్లు. సున్నా డిగ్రీలు, ఒక అట్మాస్ఫియర్ దగ్గర ఆర్గాన్ గ్యాస్‌ల పిక్-ఆఫ్ దీనికి సుమారు 0.25 కలుపుతది. మొత్తం 7.29, ఆయుష్షు 137 నానోసెకన్లు. సాంద్రత పది రెట్లు చేస్తే కలిసేది 2.5, ఆయుష్షు 105కు పడిపోతది. హీలియం అయితే ఒక అట్మాస్ఫియర్‌కు 0.1 దగ్గర్నే కలుపుతది. అన్ని గ్యాస్‌లు ఒక్క తీరు ఉండవు. నీళ్లల్ల ఆర్థో ఆయుష్షు 1.8 నానోసెకన్లే.

మరి ఉష్ణోగ్రత? ఇది మా రూంల పెద్ద కొట్లాట. ఒకరు వేడి చేస్తే రేటు తగ్గుతది అన్నరు, ఇంకొకరు ఏం మారదు అన్నరు. రెండూ నిజమే, డబ్బాను బట్టి. మూత తెరిచి ఒకే ప్రెషర్‌ల వేడి చేస్తే గ్యాస్ ఉబ్బుతది, సాంద్రత తగ్గుతది. సున్నా డిగ్రీల నుంచి 27 డిగ్రీలకు వస్తే ఆర్గాన్ కలిపే 0.25 కాస్తా 0.23 అయితది. మూత బిగించి వేడి చేస్తే సాంద్రత మారదు, కాబట్టి రేటు కూడా దాదాపు మారదు. వేగం పెరిగితే ఎక్కువ తాకుతయి గదా అనొచ్చు. జాతరల ఉరికేటోడు ఎక్కువ మందికి తగులుతడు, కాని ఒక్కొక్కరి దగ్గర ఉండేది తక్కువసేపు. రెండూ దాదాపు సరిపోతయి. దాదాపే, పూర్తిగ కాదు. ఈ "దాదాపు" దగ్గరనే పెద్ద కథ జరిగింది.

కథకు పోయే ముందు చలి సంగతి. బాగ చల్లగ, బాగ చిక్కగ ఉన్న హీలియంల పైన రాసిన సింపుల్ లెక్క పని చెయ్యది. ద్రవ హీలియం సాంద్రత పెట్టి లెక్క కడితే ఆర్థో ఆయుష్షు 13 నానోసెకన్ల దగ్గర రావాలె. ప్రయోగంల వచ్చింది దాదాపు 90. ఎందుకంటే పాజిట్రోనియం హీలియం పరమాణువులను దూరం నెట్టి చుట్టూ ఒక బుడగ చేసుకుంటది. 1957లో ఫెరెల్ ఈ వివరణ ఇచ్చిండు. జత కట్టని ఒంటరి పాజిట్రాన్ దీనికి ఉల్టా. అది చల్లటి చిక్కటి హీలియంల పరమాణువులను తన దిక్కు గుంజుకొని గుంపు చేసుకుంటది, దాని అనిహిలేషన్ రేటు లెక్క కన్నా పెరుగుతది. వేడిల ఉరుకులాటకు ఈ బుడగలు, గుంపులు నిలవయి. చలిల నిలుస్తయి.

ఇప్పుడు పెద్ద కథ. శూన్యంల ఆర్థో రేటు ఎంతో సిద్ధాంతం చెప్పగలదు. క్వాంటమ్ ఎలక్ట్రోడైనమిక్స్ అనే ఆ సిద్ధాంతం ప్రపంచంలనే గట్టిగ పరీక్షకు నిలిచింది. మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు గ్యాస్‌ల సాంద్రతను తగ్గించుకుంట రేటు కొలిచిన్రు. పాయింట్లన్నీ గీత మీద పెట్టి, ఆ గీతను సున్నా సాంద్రత దాకా పొడిగించిన్రు. మనం ల్యాబ్‌ల ఇంటర్సెప్ట్ తీసినట్టే. 1989ల వాళ్ల జవాబు 7.0514. సిద్ధాంతం లెక్క 7.04. తేడా 0.16 శాతం. మన ప్రాక్టికల్స్‌ల 5 శాతం తేడా వస్తే మస్తు సంబురపడ్తం. కాని వాళ్ల కొలత ఎంత ఖచ్చితం అంటే, ఆ 0.16 శాతం పొరపాటున వచ్చేంత చిన్నది కాదు. 1990ల గ్యాస్ లేకుండ వేరే తీరుగ చేస్తే కూడా ఎక్కువే వచ్చింది, 7.0482. సిద్ధాంతం తప్పా? ఎవరికీ కనపడని కొత్త కణంగ మారిపోతున్నదా? దాని కోసం కూడా వెతికిన్రు. దొరకలే.

జవాబు ఉష్ణోగ్రతల దొరికింది. పాజిట్రోనియం పుట్టినప్పుడు దాని శక్తి ఒక ఎలక్ట్రాన్ వోల్టు లెవెల్‌ల ఉంటది. రూం ఉష్ణోగ్రతల ఉండాల్సింది 0.04 ఎలక్ట్రాన్ వోల్టులు. అంటే పుట్టినప్పుడు చుట్టూ ఉన్న గ్యాస్ కన్నా ఎన్నో రెట్లు వేడిగ ఉంటది. గ్యాస్ పరమాణువులకు తాకి తాకి చల్లబడాలె. కాని అది మస్తు తేలిక. ఆర్గాన్ పరమాణువు దానికన్నా దాదాపు 36,000 రెట్లు బరువు. గోలీ పోయి గుండుకు తాకితే గోలీ వేగం ఏం తగ్గుతది? ఒక్కో తాకిడికి చాలా కొంచెం శక్తి పోతది. చల్లబడనీకి టైం పడ్తది. గ్యాస్ పలచగ ఉంటే తాకిళ్లే తక్కువ, ఇంకా ఎక్కువ టైం పడ్తది. సాంద్రత ఎక్కువున్న దగ్గర తొందరగ కుదురుకుంటది, తక్కువున్న దగ్గర కుదురుకోకముందే కొలత మొదలైపోతది. అప్పుడు గీత మీది పాయింట్లన్నీ ఒకే స్థితివి కావు. గీత నీటుగ కనిపించినా అది సున్నాను తాకే జాగా పైకి పోతది.

టోక్యోల షోజి అసాయి, షుజి ఒరిటో వాళ్ల టీం 1995ల వేరే దారి పట్టింది. సిలికా పొడిల పాజిట్రోనియం చేసి, గామా కిరణాల శక్తిని చూసుకుంట పోయిన్రు. పిక్-ఆఫ్ అయితే 511 దగ్గర సూది లాగ నిలబడ్తది, సొంతంగ పోతే మూడు గామాలు శక్తిని పంచుకొని పరుచుకుంటయి. కాబట్టి ఏ క్షణంల ఎంత పిక్-ఆఫ్ ఉన్నదో నేరుగ తెలుస్తది. గీత పొడిగించే పనే లేదు. వాళ్ల జవాబు 7.0398. సిద్ధాంతంతోని కలిసింది. 2003ల మిషిగన్ వాళ్లే, గిడ్లీ, జిట్జెవిట్జ్, వాలెరీ కలిసి, పాజిట్రోనియం బాగ చల్లబడి శూన్యంలకు వచ్చే సన్నని సిలికా పొరతోని మళ్లీ కొలిచిన్రు. 7.0404 వచ్చింది. పాత నంబర్ ఇచ్చిన యూనివర్సిటీనే మళ్లీ కూసోని కొలిచి కొత్త నంబర్ పెట్టింది. మాకు ఈ కథల అన్నిటికన్నా గొప్పగ అనిపించింది ఇదే.

ఆ మిషిగన్‌ల చాలా ముందే మన తెలుగాయన ఒకరు పని చేసిండు. స్వామి జ్ఞానానంద. 1896లో పశ్చిమ గోదావరి గొరగనమూడిల పుట్టిండు, సన్యాసం తీసుకొని, ఆనంక యూరప్ పోయి ఫిజిక్స్ చదివిండు. శూన్యం తయారుచేసే విద్య మీద రాసిన ఇంగ్లీష్ పుస్తకం 1947లో అచ్చయింది. తిరిగొచ్చి ఆంధ్రా యూనివర్సిటీల న్యూక్లియర్ ఫిజిక్స్ ల్యాబ్ పెట్టిండు. ఇప్పటికీ ఆ ల్యాబ్ ఆయన పేరు మీదనే ఉన్నది. విశాఖలో పీజీ చేద్దామనుకునేటోళ్లు గుర్తుపెట్టుకోండి.

బాపు స్కాన్‌కు వస్తున్నం. పెట్ స్కాన్‌ల మామూలుగ ఇచ్చేది ఫ్లోరిన్-18 అతికించిన చక్కెర లాంటి మందు. దాని అర్ధాయుష్షు 110 నిమిషాలు, అందుకే ఆ రోజుకు పిల్లలను దూరం పెట్టమన్నరు. చక్కెరను ఎక్కువ గుంజుకునే గడ్డ దగ్గర ఎక్కువ పాజిట్రాన్లు పుడ్తయి, ఎదురెదురుగ పోయే రెండు 511 గామాలు ఎక్కడి నుంచి వచ్చినయో మిషన్ పట్టుకుంటది. గంటసేపు కూసోబెట్టింది మందు ఒళ్లంత సర్దుకోనీకి. బాపుకు మా గోర్ బోలిలనే చెప్పినం. గామా అనే మాట ఒక్కటే మార్చలేకపోయినం. అంతా విని "అయితే నాలుగు గంటల్ల ముప్పావు వంతు పోయిందన్నట్టు" అన్నడు. బాపు బడికి పోలేదు, కాని లెక్క సరిగ్గ చెప్పిండు.

ఇంకో సంగతి. ఒంట్ల పుట్టే పాజిట్రాన్లల్ల దాదాపు 40 శాతం దాకా మాయమయ్యే ముందు పాజిట్రోనియం అయితయి. అది ఎంతసేపు ఉన్నదో కొలిస్తే కణాల మధ్య ఖాళీలు, ఆక్సిజన్ గురించి తెలుస్తది అని పోలెండ్ క్రాకోవ్‌ల పావెల్ మొస్కాల్ టీం పని చేస్తున్నది. 2024ల మనిషి మెదడుకు అట్ల మొదటి బొమ్మ తీసిన్రు. ఇంకా పరిశోధనల్నే ఉన్నది, దవాఖానకు రాలే. గ్యాస్ డబ్బాల మొదలైన లెక్క ఇక్కడిదాకా వచ్చింది.

ఇగ టీసీ తీసుకుంటం అంటున్న తమ్ముళ్లకు. మీరు వచ్చి నాలుగు నెలలు కాలేదు. తెలుగు మీడియంల నుంచి, ఇంట్ల వేరే భాష నుంచి వచ్చి ఇంగ్లీష్‌ల ఫిజిక్స్ పేపర్ రాసిన్రు. కొత్త జాగ, కొత్త తిండి, కొత్త మాట. ఆ మార్కులు కుదురుకోకముందు తీసిన కొలత. ఆ ఒక్క పాయింట్ మీద గీత గీసి జీవితం చివరిదాకా పొడిగించకుండ్రి. మనం పాజిట్రోనియం కాదు, తెలుసు. దానికి ఫీజు బాకీ ఉండదు, ఇంటికాడ అప్పు ఉండదు, చెల్లె పెండ్లి ఉండదు. ఆ బాధలు నిజమైనవి, ఫిజిక్స్ వాటిని తీర్చలేదు. అట్లాంటిది ఉంటే గ్రూపుల చెప్పండి, సీనియర్లు చూస్తరు. కాని కారణం మార్కులే అయితే సెకండ్ సెమ్ పరీక్ష దాకా ఆగండి. పాజిట్రోనియం అనే మాటకు మన లంబాడీల పదం లేదు, కోయల లేదు, గోండిల లేదు, తెలుగుల కూడా లేదు. కాన్వెంట్‌ల చదివినోళ్లకు కూడా అది కొత్త మాటే. ఈ పాఠంల అందరం ఒకే బెంచి మీద ఉన్నం.

ఆదివారం పొద్దున పది గంటలకు మా రూంల ఫస్టియర్ వాళ్లకు ఫిజిక్స్, మ్యాథ్స్ చెప్తున్నం. జనగామల ఉన్నోళ్లు నోట్‌బుక్ తీసుకొని రండి, దూరం ఉన్నోళ్లకు ఫోన్ కలుపుతం. మొదటి ఆదివారం ఆర్గాన్ లెక్క చేద్దాం: 5 అట్మాస్ఫియర్లు, సున్నా డిగ్రీలు, ఆర్థో ఆయుష్షు ఎంత? జవాబు కామెంట్ల పెట్టండి. ఈ పోస్టును కోయల, గోండిల చెప్పగలిగే అక్కలు, అన్నలు ఉంటే వాయిస్ రికార్డ్ చేసి పంపండి, మేము గోర్ బోలిల చేస్తున్నం.